పాత బోటు ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు: వచ్చిన దారి కనిపెట్టడం ఎలా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్లకు వేట నిషేధం. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో బోట్లకు మరమ్మతులు ఎక్కువగా జరిగేది ఆ రోజుల్లోనే. పాత ఇంజన్లు చేతులు మారడానికీ అదే అదను. అలా కొన్న ఇంజన్ దగ్గరికెళ్లి ఆయిల్ గేజ్ కడ్డీ లాగినప్పుడు, నల్లగా మెరవాల్సిన ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. “హెడ్ గ్యాస్కెట్ పోయింది, విప్పాల్సిందే” అని చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే తేల్చేస్తారు.

కాసేపు ఆగుదాం. ఆయిల్‌లోకి నీళ్లు రావడానికి గ్యాస్కెట్ ఒక్కటే దారి కాదు. కొన్ని దారులు చిన్న రబ్బరు సీలు మారిస్తే మూసుకుపోతాయి. కొన్నిటికి బ్లాకే మార్చాలి. ఏ దారో తెలియకుండా హెడ్ విప్పితే గ్యాస్కెట్ ఖర్చు, కూలి ఖర్చు పడతాయి, ఆయిల్‌లో నీళ్లు మాత్రం మళ్లీ కనిపిస్తాయి. కాబట్టి లోపలున్నది ఏ నీరో ముందు తేల్చుకుందాం. వర్షపు నీరా, ట్యాంకు నీరా, సముద్రపు నీరా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

మనం చూడబోయేది మెకనైజ్డ్ బోట్లలో ఉండే నాలుగు లేదా ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. ఇందులో రెండు రకాల నీళ్లు తిరుగుతాయి. ట్యాంకులో మనం పోసే మంచినీరో కూలెంటో ఇంజన్ లోపల తిరుగుతుంది. సముద్రం నుంచి పంపు లాగే ఉప్పునీరు హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టాల గుండా పోతూ ఆ మంచినీటి వేడిని తీసుకుని బయటికి పోతుంది. ఈ రెండు నీళ్లూ ఒకదానితో ఒకటి కలవకూడదు, రెండూ ఆయిల్‌తో కలవకూడదు. మీ ఇంజన్‌లో ఏ గొట్టంలో ఏ నీరు పోతుందో చేత్తో తడుముతూ చివరిదాకా చూసి, సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. కింద చెప్పే ప్రతి పరీక్షకూ ఇది అక్కరకొస్తుంది.

ఫైబర్ తెప్పలకు వాడే గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజన్ అయితే పని తేలిక. అందులో కూలింగ్ నీరే లేదు గనక వాన, అల, మునక, లోపల పట్టే చెమ్మ తప్ప వేరే దారి ఉండదు.

కావలసినవి

పానాల సెట్టు, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే పెద్ద సాకెట్ పానా, అంచులున్న వెడల్పాటి ట్రే, మూతలున్న తెల్లటి గాజు సీసాలు నాలుగు, సూది లేని పెద్ద సిరంజి, దానికి పట్టే సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, టార్చి, పాత గుడ్డలు, రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు.

వీటితోపాటు, మళ్లీ వంటకు వాడని పాత ఇనుప పెనం, చిన్న కరెంటు స్టవ్, ఒక స్టీలు గరిటె కావాలి. ఇంట్లో ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ పెన్ను దొరికితే తెచ్చుకోండి, ఈ పనికి అది చాలా బాగా పనికొస్తుంది. ట్యాంకు మూత స్థానంలో బిగించే ప్రెషర్ టెస్టర్ తెలిసిన గ్యారేజీలో అద్దెకు అడగొచ్చు. కొత్త ఆయిల్ ఫిల్టర్లు రెండు, మూడు దగ్గర పెట్టుకోండి. ఒక నోటుపుస్తకం కూడా. చూసింది చూసినట్టు రాసుకోకపోతే సాయంత్రానికి ఏ సీసాలో ఏముందో గుర్తుండదు.

మొదలుపెట్టే ముందు

స్టార్టర్ నొక్కొద్దు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండర్‌లో నీరు నిలిచి ఉండగా స్టార్టర్ మోటారు బలంగా తిప్పితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా ఆయిల్ మార్చుకుంటే సరిపోయే ఇంజన్ ఆ ఒక్క క్షణంలో పూర్తి ఓవర్‌హాలింగ్‌కు వస్తుంది. అందుకని బ్యాటరీ వైరు ముందే తీసి పక్కన పెట్టేద్దాం. బోటు నీళ్లలోనే ఉంటే ఉప్పునీరు లోపలికొచ్చే వాల్వును కూడా కట్టేద్దాం.

ఆ తర్వాత అమ్మినాయన్ని నాలుగు మాటలు అడుగుదాం. “ఎన్నాళ్లుగా ఆగి ఉందండీ? ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు? బోటు అడుగున ఎప్పుడైనా నీళ్లు ఎక్కువగా నిలిచాయా? పొగగొట్టానికి మూత పెట్టారా?” అని. “మొన్ననే కొత్త ఆయిల్ పోశానన్నా” అంటే సంతోషించకండి. అమ్మే ముందు మార్చిన ఆయిల్ ఇంజన్ జబ్బును దాచేస్తుంది. పాత ఫిల్టర్ ఎక్కడుందో అడగండి. అది చెత్తకుప్పలో దొరికినా తెచ్చుకోండి, కింద పని ఉంది.

పద్ధతి

1. ముందు బయటినుంచి చూద్దాం. ఇంజన్ పక్కల మీద అడ్డంగా ఒక గీతలా ఉప్పు, బురద, తుప్పు ఆగి ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. స్టార్టర్ మోటారు ఇంజన్‌కు కింది భాగంలో ఉంటుంది కాబట్టి అది బాగా తుప్పు పట్టి ఉంటే బోటు అడుగున చేరిన నీరు అంతవరకూ వచ్చిందన్నమాట. ఆ గీత గేజ్ కడ్డీ గొట్టం మూతి కంటే పైన ఉంటే నీళ్లు అటునుంచే లోపలికి పోయి ఉండొచ్చు. అప్పుడు ఇంజన్‌లో లోపం ఏమీ లేకపోవచ్చు. తప్పు బోటు అడుగు నీటిని తోడే పంపుది.

2. గేజ్ కడ్డీ తీయండి. తుడవకుండా, వెలుతురులో, కడ్డీని అడ్డంగా పట్టుకుని చూడండి. మూడు సంగతులు రాసుకుందాం. మొదటిది మట్టం. పై గీత దాటి ఉంటే ఏదో కలుస్తోంది. అయితే డీజిల్ కలిసినా మట్టం పెరుగుతుంది. డీజిల్ కలిసిన ఆయిల్ నల్లగానే ఉండి పలచబడుతుంది, వాసన ఇట్టే పట్టేయొచ్చు. రెండోది రంగు. మూడోది తుప్పు. ఆయిల్ తగిలే చోటికి పైన కడ్డీ మీద ఎర్రటి మచ్చలుంటే లోపలి గాలిలో చాలాకాలంగా తడి ఉందని అర్థం. ఆయిల్ మార్చినా ఆ మచ్చలు పోవు. కొత్త ఆయిల్ పోసి అమ్మినచోట మనకు సాక్ష్యం చెప్పేది ఇవే.

3. ఆయిల్ పోసే మూత తిప్పి తీసి అడుగువైపు చూడండి. మూతకు పలచగా తెల్లటి జిడ్డు ఉండి, గేజ్ కడ్డీ మీద ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే కంగారు పడొద్దు. కాసేపే నడిచి ఆగిపోయే ఇంజన్లలో వేడి సరిగా ఎక్కక చెమ్మ అక్కడ పట్టేస్తుంది. ఇంజన్‌ను బరువు మీద ఒక గంట నడిపితే చాలావరకు ఆవిరైపోతుంది. మూతా కడ్డీ రెండూ తెల్లబడి ఉంటే మాత్రం ఇది చెమ్మతో పోయే విషయం కాదు.

4. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా తీసి చూడండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. దాని ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ వేరుగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ బాగుండి గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రమే తెల్లబడితే ఆ కూలర్‌లోనే చిల్లు ఉందని అనుమానించాలి. అప్పుడు ఇంజన్‌ను ముట్టుకోవలసిన పనే లేదు.

5. ఇంజన్‌ను కనీసం ఒక రాత్రి కదపకుండా ఉంచి, తెల్లారి అడుగు నుంచి నమూనా తీద్దాం. నీరు ఆయిల్ కంటే బరువు, కాబట్టి ఆయిల్ చాంబర్ అడుక్కి దిగుతుంది. ట్రే పెట్టి డ్రెయిన్ నట్టును పూర్తిగా తీసేయకుండా కొద్దికొద్దిగా వదులు చేయండి. ముందు నీరు కారితే ఆ ధారను మొదటి సీసాలో పట్టండి. రంగు మారగానే రెండో సీసా పెట్టండి. ఒక్కసారిగా నట్టు ఊడదీస్తే నీరూ ఆయిలూ ట్రేలో కలిసిపోతాయి, మనం ఒక రాత్రంతా ఆగింది వృథా అవుతుంది. బోటులో ఉన్న ఇంజన్‌కు డ్రెయిన్ నట్టు అందకపోవచ్చు. అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని గేజ్ గొట్టం గుండా అడుగు తగిలేదాకా దింపి, సిరంజితో మెల్లగా లాగండి. గొట్టం పారదర్శకమైనది కాబట్టి ముందు ఏమొస్తుందో కళ్లముందే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం నిలబడి చూద్దాం. అడుగున తేటగా విడిగా నీరు, పైన నల్లటి ఆయిల్ వచ్చిందా, లేక మొదటి చుక్క నుంచీ చిక్కగా తెల్లబడిన ఆయిలే వచ్చిందా? ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు క్రాంక్ చిలికితేనే నీరూ ఆయిలూ కలిసి చిక్కబడతాయి. అలా కలిసింది ఒకపట్టాన విడిపోదు. కాబట్టి తెల్లబడిన ఆయిల్ ఉంటే నీళ్లతోనే ఇంజన్ నడిచిందన్నమాట. తేట నీరు విడిగా అడుగున ఉంటే ఇంజన్ ఆగిన తర్వాతే నీరు చేరింది. వాన, మునక, ఆగి ఉన్నప్పుడు నెమ్మదిగా కారే సీలు లాంటివి ముందు అనుమానించాలి. వచ్చిన నీరు ఎంతో కూడా కొలిచి రాసుకోండి. చెంచాడు నీటికి ఒక కథ ఉంటుంది, లీటరు నీటికి వేరే కథ.

6. పెనం పరీక్ష. విడిగా నీరు రాకపోయినా ఆయిల్‌లో తడి ఉందేమోనని అనుమానముంటే ఇది చేద్దాం. డీజిల్ ఆవిరి ఉండే ఇంజన్ గదిలో వద్దు, ఒడ్డున ఆరుబయట చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పెనాన్ని వేడిచేసి ఒక నీటి చుక్క వేయండి. ఒకటి రెండు సెకన్లలో చుయ్యిమని ఆవిరైపోతే వేడి సరిపోయినట్టు. చుక్క ముత్యంలా పరుగెత్తితే వేడి ఎక్కువైంది, తగ్గించండి. పెనం ఆరాక ఆయిల్ చుక్క వేసి చెవి పెట్టి వినండి. నీరు లేని ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుంటుంది. నీరుంటే బుడగలు కట్టి చిటపటలాడుతుంది. వెయ్యో వంతు నీరున్నా ఈ పరీక్షకు దొరుకుతుంది. ముందుగా డబ్బాలోని కొత్త ఆయిల్ చుక్కతో ఒకసారి చేసి చూడండి. శుభ్రమైన ఆయిల్ ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా పట్టుకోగలం.

7. ఇప్పుడు అసలు పని. సీసాలో అడుగున దిగిన నీటిని సిరంజితో ఆయిల్ అంటకుండా లాగుదాం. ఆయిల్ తెల్లగా చిక్కబడి విడిపోకపోతే సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయండి. కొంతైనా దిగుతుంది. ఆ నీటి రంగు చూడండి. ఆకుపచ్చ, ఎరుపు లాంటి రంగుంటే అది కూలెంటు. రంగు లేకపోతే ఉప్పు చూడాలి. నాలుకతో మాత్రం చూడొద్దు. కూలెంట్లలో ఎక్కువగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది.

ఉప్పు చూడటానికి రెండు పద్ధతులున్నాయి. టీడీఎస్ పెన్ను ఉంటే ఒక చెంచా నమూనాలో తొమ్మిది చెంచాల ఆర్వో నీరు కలిపి అందులో ముంచండి. పెన్నులు చాలావరకు లీటరుకు 10,000 మిల్లీగ్రాముల లోపే కొలుస్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది కాబట్టి పలచన చేయకపోతే అంకె చూపలేవు. పలచన చేశాక కూడా వేలల్లో చూపిస్తే సముద్రపు నీరే. వందల్లో గానీ అంతకు తక్కువ గానీ ఉంటే మంచినీరు. గోదావరి, కృష్ణ వరదలు కలిసే నెలల్లో తీరం నీటిలో ఉప్పు తగ్గుతుంది. అందుకని మీ రేవు నీటిని కూడా ఒక సీసాలో పట్టుకొచ్చి పక్కపక్కన పోల్చండి. పెన్ను లేకపోతే నమూనాను స్టీలు గరిటెలో పోసి సన్నటి వేడి మీద ఇగిరించండి. పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల సముద్రపు నీటికి అర గ్రాము దాకా ఉప్పు మిగులుతుంది, గోరుతో గీకితే వస్తుంది. బోరు నీళ్లకు పలచటి తెల్ల మరక మాత్రమే ఉంటుంది.

8. ట్యాంకు నీటిని కూడా ఇలాగే పరీక్షించాలి. దీన్ని మరిచిపోతే పైన చేసిందంతా తప్పుదారి పట్టిస్తుంది. హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టంలో చిల్లు ఉంటే ఉప్పునీరు ట్యాంకు నీటిలో ముందే కలిసి ఉంటుంది. అలాంటి ఇంజన్‌లో ఆయిల్‌లోకి వచ్చింది ఉప్పునీరే అయినా, అది గ్యాస్కెట్ గుండా ట్యాంకు వైపు నుంచి వచ్చి ఉండొచ్చు. ట్యాంకు నీటి మీద ఆయిల్ పొర తేలుతుందేమో కూడా చూడండి.

9. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూద్దాం. రంపంతో పై అంచు చుట్టూ కోసి లోపలి కాగితాన్ని బయటికి తీయండి. బాగున్న ఫిల్టర్ కాగితం మడతలు తిన్నగా, సమాన దూరంలో నిలబడి ఉంటాయి. నీరు తాగిన కాగితం ఉబ్బి, అలలు తేలి, మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మడతల మధ్య ఇత్తడి రంగులోనో వెండి రంగులోనో పొడి మెరిస్తే బేరింగులు అరుగుతున్నాయి. అప్పుడు నీటి దారి మూసినా బేరింగులు విప్పి చూడక తప్పదు, ఇంజన్ ధర మాట్లాడేటప్పుడు ఆ లెక్క కూడా వేసుకోండి.

10. ఇంజన్‌ను చేత్తో తిప్పుదాం. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే మెల్లగా తిప్పండి. పూర్తిగా రెండు చుట్లు తిరిగితేనే అన్ని సిలిండర్లూ ఒకసారి నొక్కుకున్నట్టు. గాలి కుదించుకుంటున్నప్పుడు స్ప్రింగులా ఎదురు తంతుంది, కాసేపు అలాగే పట్టుకుంటే కొంచెం కొంచెంగా వదులుతుంది. ఇది మామూలే. గోడకు తగిలినట్టు టక్కున ఆగిపోతే అక్కడితో ఆపండి, బలం పెట్టొద్దు. నాజిల్స్ అన్నీ ఊడదీయించి మళ్లీ తిప్పండి. నీరుంటే ఆ కంతల్లోంచి చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టండి. ఏ సిలిండర్ నుంచి వచ్చిందో రాసుకోండి.

11. ట్యాంకు వైపు ప్రెషర్ పరీక్ష. చాంబర్‌లోని ఆయిల్ మొత్తం దించేసి, డ్రెయిన్ నట్టు తెరిచే ఉంచి, కింద ట్రేలో తెల్ల కాగితం పరవండి. ట్యాంకును అంచుదాకా నింపి, మూత స్థానంలో టెస్టర్ బిగించండి. మూత మీద ముద్రించిన అంకె ఎంతో అంత ప్రెషర్ మాత్రమే ఎక్కించి, గంటసేపు ముల్లును గమనించండి. కంప్రెసర్ గొట్టం నేరుగా తగిలించే పని వద్దు. పాత ఎక్స్‌చేంజర్ గొట్టాలు పగిలిపోతాయి.

ముల్లు కదలకుండా నిలిచి, కాగితం పొడిగా ఉంటే ట్యాంకు వైపు దాదాపు నిర్దోషి. వేడెక్కితే గానీ తెరుచుకోని సన్నటి పగుళ్లు ఉంటాయి కాబట్టి ‘దాదాపు’ అంటున్నాను. ముల్లు పడిపోయి డ్రెయిన్ కంత నుంచి చుక్కలు రాలితే లోపల లీకు ఉంది. చాంబర్ విప్పగలిగితే విప్పి, ప్రెషర్ అలాగే ఉంచి, టార్చి వేసి కిందినుంచి పైకి చూడండి. సిలిండర్ లైనర్ అడుగు అంచున చుక్క కట్టి జారుతుంటే లైనర్ కింది రబ్బరు రింగులు పోయినట్టు. పిస్టన్ పక్కనుంచి లైనర్ లోపలి గోడ మీదుగా కారుతుంటే గ్యాస్కెట్టో, హెడ్డో, లైనర్ చిల్లో అయి ఉంటుంది. ఇంజన్ మీద కూర్చుని ఎంత ఊహించినా తెలియని సంగతి ఇలా కింద పడుకుని చూస్తే తెలిసిపోతుంది. ముల్లు పడుతున్నా ఎక్కడా చుక్క లేకపోతే బయటి గొట్టాల అతుకులు, ఉప్పునీటి వైపు కారడం చూడండి.

12. ఇంజన్ ఆయిల్ కూలర్‌ను విడిగా పరీక్షించాలి. దాన్ని ఊడదీసి, ఆయిల్ వైపు ఒక కంత మూసి, రెండో కంత నుంచి రెండు బార్లు మించకుండా గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగల వరుస వస్తే దొంగ దొరికినట్టే. కూలర్ లీకుకు ఒక గుర్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ నీటి ప్రెషర్ కంటే బాగా ఎక్కువ కాబట్టి ఆయిల్ నీటిలోకి పోతుంది. ఆగాక అటు నుంచి నీరు ఆయిల్‌లోకి వస్తుంది. అందుకే ఆయిల్‌లో నీరు, నీటిలో ఆయిల్ రెండూ కనిపిస్తే నేనైతే ముందు కూలర్‌నే విప్పుతాను.

13. ఉప్పునీటి పంపు చూద్దాం. ఇంజన్ గేర్లతో తిరిగే పంపులో నీటివైపు ఒక సీలు, ఆయిల్ వైపు ఒక సీలు ఉంటాయి. రెండిటి మధ్య కిందివైపు సన్నటి కంత ఉంటుంది. నీటి సీలు పోతే నీరు ఇంజన్‌లోకి వెళ్లకుండా ఆ కంత నుంచి బయటికి కారిపోవాలి, మనకు తెలియాలి. అయితే పెయింటు, గ్రీజు, ఉప్పు పట్టి ఆ కంత మూసుకుపోతే నీరు రెండో సీలును తోసుకుని నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. సన్నటి తీగతో కంతను పొడిచి చూడండి. వెంటనే ఉప్పునీరు కారితే కారణం చేతికందినట్టే. పంపు ఊడదీసి సీళ్లు మార్చుకుందాం.

ఏ నీటికి ఏ దారి

ఉప్పులేని, రంగులేని నీరు విడిగా అడుగున చేరి, ట్యాంకు మట్టం తగ్గకపోతే పొగగొట్టం చూడండి. మన బోట్లలో నిటారుగా పైకి నిలబడే పొగగొట్టానికి మూత లేక వాననీరు దిగి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి చేరడం కొత్తేమీ కాదు. కూలెంటు రంగున్నా, ట్యాంకు మట్టం తగ్గుతున్నా 11, 12 అంకెల్లో చేసిన పరీక్షలే జవాబు చెబుతాయి.

ఉప్పునీరై, ట్యాంకు నీటిలో ఉప్పు లేకపోతే పంపు, ఉప్పునీటితో చల్లబడే కూలర్, బోటు అడుగు నీరు, పొగగొట్టం మిగులుతాయి. కొన్ని బోట్లలో ఉప్పునీటిని పొగతోపాటే బయటికి పంపుతారు. అలాంటిచోట ఇంజన్ స్టార్టు కాక మళ్లీమళ్లీ స్టార్టర్ కొడితే, పంపు నీటిని తోస్తూనే ఉంటుంది గానీ దాన్ని బయటికి నెట్టే పొగ ఉండదు. ఆ నీరు వెనక్కి తన్ని సిలిండర్‌లోకి వస్తుంది.

దారి తెలిశాక కడగడం

ఉప్పునీరు అని తేలితే ఆలస్యం చేయొద్దు. బేరింగుల మీద, క్రాంక్ మీద తుప్పు పట్టడానికి కొన్ని రోజులు చాలు. దారి మూయగానే కొత్త ఫిల్టర్ బిగించి మామూలు ఇంజన్ ఆయిల్ పోసి, ముందు చేత్తో తిప్పి, ఆపైన తక్కువ వేగంలో వేడెక్కేదాకా నడిపి, వేడిగా ఉండగానే దించేయండి. తెల్లదనం పోయేదాకా ఫిల్టర్, ఆయిల్ మారుస్తూ మళ్లీ చేయాలి. ఒక్కసారితో శుభ్రం కాదు. మరమ్మతు ఆలస్యమయ్యేలా ఉంటే నీరు దించేసి, శుభ్రమైన ఆయిల్ పోసి, రోజూ చేత్తో కొన్ని చుట్లు తిప్పుతూ ఉండండి.

ఇంజన్ మొదటిసారి నడిపేటప్పుడు చల్లగా ఉండగానే ట్యాంకు మూత తీసి లోపలికి చూడండి. మొదట్లో వచ్చే నాలుగు బుడగలు ఇరుక్కున్న గాలివి. వేగం పెంచినకొద్దీ పెరుగుతూ ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లోని పొగ నీటిలోకి వస్తోంది, అంటే గ్యాస్కెట్టో హెడ్డో. ఇంజన్ వేడెక్కాక మాత్రం ఆ మూత జోలికి పోకండి, మరిగే నీరు మొహాన చిమ్ముతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

నీరు కనబడగానే ఆయిల్ పారబోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ ఆయిలే మన సాక్ష్యం. కనీసం రెండు సీసాలు పట్టి, తేదీ రాసి దాచాకే మిగతాది దించండి.

నమూనా పట్టే సీసా తడిగా ఉండటం. కడిగిన సీసాలో మిగిలిన నాలుగు చుక్కలు పెనం మీద చిటపటలాడి మనల్ని మోసం చేస్తాయి. ఎండలో బాగా ఆరబెట్టండి.

కొత్త ఆయిల్ చూసి నమ్మడం. కొనేముందే అయితే ఇంజన్‌ను బరువు మీద అరగంట, గంట నడిపించి, ఒక రాత్రి ఆపి, మర్నాడు అడుగు నుంచి నమూనా తీస్తానని అడగండి. దాచేదేమీ లేనివాళ్లు అడ్డు చెప్పరు.

చాంబర్‌లో డీజిలో కిరసనాయిలో పోసి కడుగుతూ ఇంజన్ నడపడం. హార్బర్లలో ఈ సలహా తరచూ వినిపిస్తుంది. అంత పలచటి ద్రవం బేరింగుల మీద పొర కట్టలేదు, నీరు చెడగొట్టనిది ఆ కడుగుడు చెడగొడుతుంది.

ఒక కారణం దొరకగానే మిగతా పరీక్షలు మానేయడం. పాత ఇంజన్‌లో పంపు సీలూ, కూలరూ రెండూ కారుతూ ఉండటం అరుదేమీ కాదు. అందుకే మరమ్మతయ్యాక మొదటి పదిగంటలు నడిపి, ఒక రాత్రి ఆపి, మళ్లీ అడుగు నమూనా పట్టి పాత సీసా పక్కన పెట్టి చూడండి. సముద్రంలోకి దూరం పోయేది ఆ తర్వాతే.

దించిన ఆయిల్‌ను రేవులో పారబోయడం. ఒక లీటరు ఆయిల్ నీటి మీద చాలా దూరం పరుచుకుంటుంది. మనం చేపలు పట్టేదీ ఆ నీళ్లలోనే. డబ్బాల్లో నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి. తెల్లబడిన ఆయిల్‌ను మాత్రం వేరే డబ్బాలో పోసి, నీళ్లు కలిసిందని వాళ్లకు చెప్పి ఇవ్వండి.